చివరాఖరు లైను ఇంజను చప్పుడు

మోటార్ వైండింగ్ మేస్త్రి నోరు తెరిచాడంటే వీధి చివర పడుకున్న కుక్క కూడా లేచి కూర్చునేది. ఆ వీధిలో కోతలు కోసేవాళ్ళకు కొదవ లేదు గానీ, మేస్త్రి ముందు వాళ్ళంతా పాలు తాగే పిల్లలు. కాలిపోయిన ఫ్యాను మోటారును చెవి దగ్గర పెట్టుకుని, అది ఏ ఇంట్లో తిరిగిందో, ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటున్నారో లేదో కూడా చెప్పేస్తానని అనేవాడు. ఒకసారి తాను బాగుచేసిన నీళ్ళ మోటారు ఎంత గట్టిగా లాగిందంటే, పక్కింటి బావి ఎండిపోవడమే కాకుండా, అందులో ఎప్పుడో పడిపోయిన చెంబులు కూడా పైపులోంచి టపటపా బయటికొచ్చాయట. చదువు సంగతి ఎత్తితే, పదో తరగతి పరీక్షనాడు పెన్ను మరిచిపోయి ఇంటికి వెళ్ళానని, దాన్ని ఇంకా వెతుకుతూనే ఉన్నానని చెప్పేవాడు.

"ఆ పెన్ను దొరికితే ఓసారి ఇటివ్వు మేస్త్రీ, సంతకం పెట్టాల్సిన పనుంది" అనేవాడు వీధి మలుపులో లేతు మిషను నడిపే ఆయన.

"దొరికితే నీకెందుకిస్తా? పరీక్ష పూర్తిచేసి నేరుగా ఆఫీసరైపోతా. అప్పుడు నువ్వే నా సంతకం కోసం రావాలి."

ఇంత నోరున్న మనిషి ఇంట్లో మాత్రం గంటల తరబడి నోరు మూసుకుని కూర్చునే చోటు ఒకటుంది. కిటికీ పక్కన బల్ల మీద పాత కంప్యూటరు. దానిలో రైలు నడిపే ఆట. ఉన్న రైళ్ళు నడిపి ఊరుకునేవాళ్ళు చాలామంది. మేస్త్రికి అది చాలలేదు. ఆ ఆటలో మనకు కావలసిన లైను మనమే వేసుకోవచ్చు. నేల ఎత్తుపల్లాలు చేసుకోవాలి, పట్టాలు పరుచుకోవాలి, స్టేషన్లు కట్టుకోవాలి, సిగ్నళ్ళు నాటాలి. మేస్త్రి ఎక్కడా లేని ఒక చిన్న లైను మొదలుపెట్టాడు. ఒక పెద్ద జంక్షను పక్కన, ఎవరూ పట్టించుకోని మూల ప్లాట్‌ఫారం దగ్గర అది బయల్దేరుతుంది. సున్నపు బట్టీల మధ్యనుంచి, ఇనప వంతెన మీదుగా వెళ్ళి, కొండకింద మూతపడిన పెంకుల ఫ్యాక్టరీ దగ్గర ఆగిపోతుంది. ఆఖరి స్టేషను పేరు చివరాఖరు. లైను మొత్తానికి ఒకటే ఇంజను. ముసలిది, బొగ్గుది.

ఆ లైనులో భార్య చెయ్యి కూడా ఉంది. ఆమె హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీలో తెల్లవారుజాము షిఫ్టు చేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. చెప్పులు విప్పుతూనే తెరవైపు ఓ చూపు వేసేది.

"స్టేషన్ మాస్టరుకి ఇల్లు కట్టారు, బానే ఉంది. ఆయన బట్టలెక్కడ ఆరేసుకుంటాడు?"

"ఆయన బట్టలెవరు చూస్తారే?"

"పెరట్లో దండెం లేని ఇల్లు చూస్తే ఎవరో ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంటుంది."

మేస్త్రి దండెం కట్టి, దాని మీద తెల్ల దుప్పట్లు ఆరేశాడు. నిజంగానే ఆ ఇంట్లోకి మనుషులు వచ్చినట్టయింది. మరోసారి ఆమె లైను మధ్యలో ఉన్న జంట పట్టాలను చూపించి అడిగింది.

"ఇక్కడ రైలెందుకు ఆగింది?"

"అది లూపు లైను. ఎదురుగా వచ్చే రైలుకి దారి ఇవ్వాలిగా."

"మీకున్నది ఒకటే రైలు కదా. ఎదురెవరొస్తారు?"

మేస్త్రి తల గోక్కున్నాడు. "ఎవరూ రారు. అయినా ఆగితే బావుంటుంది."

"బాగానే ఉంది మీ రైల్వే" అని నవ్వుకుంటూ పడక గదిలోకి వెళ్ళింది. ఆ గది ఫ్యాను తిరిగేటప్పుడు టక్కు... టక్కుటక్కు... అని కుంటుతున్నట్టు కొట్టుకునేది. ఊరందరి ఫ్యాన్లూ బాగుచేసేవాడి ఇంట్లో ఫ్యాను అది. చూస్తాలే, రేపు చూస్తాలే అనేవాడు. ఆమె అడగడం మానేసి ఆ చప్పుడుకు అలవాటుపడింది.

లైను తయారైంది గానీ ఇంజనుకు గొంతు కుదరలేదు. ఆ ఆటలో కూతకో చప్పుడు, పరిగెత్తడానికో చప్పుడు, నిలబడి ఉండడానికో చప్పుడు వేరువేరుగా పెట్టాలి. కూతకు వంటింట్లో కుక్కరు విజిలు పనికొచ్చింది. పరుగుకు మలుపులో లేతు మిషను మోత పట్టుకొచ్చాడు. నిలబడినప్పుడు మాత్రం ఏం పెట్టినా అతకలేదు. నీళ్ళ మోటారు పెట్టాడు, మిక్సీ పెట్టాడు, కుట్టుమిషను కూడా పెట్టి చూశాడు. మోటారు చప్పుడు గీత గీసినట్టు ఒకే తీరుగా పోతుంది. ముసలి ఇంజను అలా ఉండదు. అది నిలబడిన చోటే రొప్పుతుంది, లోపలికి లాగుతుంది, కాసేపు బిగబట్టి వదులుతుంది.

ఒక మధ్యాహ్నం భార్య షిఫ్టునుంచి వచ్చి పడుకుంది. మేస్త్రి చేతిలోని హెడ్‌ఫోను పక్కన పెట్టి నీళ్ళు తాగడానికి లేచాడు. తెరిచిన తలుపులోంచి ఆ చప్పుడు వినిపించింది. ఎన్నో ఏళ్ళుగా పక్కనే పడుకుని వింటున్నదే. కానీ ఆ రోజు కొత్తగా విన్నాడు. లోపలికి లాగింది. బిగబట్టింది. వదిలింది.

ఇక్కడ ఆ గురక సంగతి చెప్పాలి. పదహారేళ్ళ వయసులో ఆమె ఒక పెళ్ళింట్లో అందరి మధ్యా నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి చుట్టూ ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. మేనమామ గుమ్మంలో నిలబడి, "ఇదెవర్రా, పిండి మిల్లు పెళ్ళికి తెచ్చింది?" అన్నాడు. ఆనాటినుంచి బంధువుల్లో ఆమె పేరు మిల్లు. ఆ తర్వాత ఆమె ఎవరింటికి వెళ్ళినా పడుకోలేదు. పెళ్ళిళ్ళలో కూరగాయలు తరిగేవాళ్ళతో కూర్చునేది, బస్సుల్లో కిటికీ చువ్వ పట్టుకుని కూర్చునేది. తన పెళ్ళైన కొత్తలో కూడా గోడకు ఆనుకునే కూర్చుంది. కొత్త పెళ్ళికొడుకు తనంటే ఇష్టం లేదేమోనని బెంగపడిపోయి, చివరికి అడిగాడు. ఆమె నేల చూస్తూ చెప్పింది.

"పగలంతా మోటార్ల మధ్య బతికేవాణ్ణి. చప్పుడు లేకపోతే నాకే నిద్ర పట్టదు. నువ్వు పడుకో, నాకు నిద్రొస్తుంది" అన్నాడు మేస్త్రి. జన్మలో అతను కోసిన కోతలన్నీ ఒక కుప్ప పోస్తే కొండంతవుతుంది. ఈ మాట ఆ కుప్పలోది కాదు. ఆమె ఆ మాట నమ్మి, కాళ్ళు చాపుకుని పడుకుంది. లోకంలో ఆమె కళ్ళు మూసుకునే చోటు అదొక్కటే.

ఆ మధ్యాహ్నం మేస్త్రి ఫోనుకు తువ్వాలు చుట్టి, ఆమె తలగడ పక్కన పెట్టాడు. ఊరికే చూద్దామని అనుకున్నాడు. చూశాడు. గొంతును కాస్త లావు చేసి, కింద చిన్న ఉరుములాంటిది కలిపి ఇంజనుకు తగిలించాడు. లూపు లైనులో ఆగిన ఇంజనుకు ప్రాణం వచ్చింది. ఇది తప్పు కదా అని ఎవరో అన్నట్టు అనిపించింది గానీ, ఎవరు గుర్తుపడతారులే అని ఆ మాట మీద ఓ గుడ్డ కప్పేశాడు.

లైనును రైలాట గుంపులో పెట్టాడు. వాళ్ళంతా ముఖాలు చూసుకోని మనుషులు, ఫోనుల్లో మాట్లాడుకుంటారు. పట్టాల సంగతి ఒక్కడూ మాట్లాడలేదు. అందరూ ఇంజను చప్పుడు గురించే. ఎక్కడ దొరికిందయ్యా ఈ ఇంజను అని అడిగారు. పొగడ్త వినిపించాక మేస్త్రి నోరు ఊరుకుంటుందా? మూతపడిన ఫ్యాక్టరీ షెడ్డులో ఉందని, వెంటిలేటర్లోంచి దిగానని, ఇంజను పొయ్యిలో పాము గుడ్లు పెట్టిందని, ఆ పామును పక్కకు జరగమని బతిమాలి బొగ్గు వేశానని, ఇంజను మూడుసార్లు ఊపిరి తీసి ఆగిపోయిందని చెప్పాడు. పాము సంగతి నవ్వుకుంటూ వదిలేశారు గానీ ఇంజనును మాత్రం అందరూ నమ్మారు. అందరికంటే ఎక్కువ నమ్మినవాడు ఒక రిటైరైన రైలు గార్డు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి ఇంజను వెనకాలే తిరిగానని, రోజూ మధ్యాహ్నం లూపులో ఆపుకుని ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకుంటానని ఆయన ఫోను చేసి మరీ చెప్పాడు. మేస్త్రి ఆ రోజు వీధిలో జానెడు ఎత్తు పెరిగి నడిచాడు.

ఇంట్లో ఆట ఎప్పుడూ హెడ్‌ఫోనులోనే. కాబట్టి భార్య చెవిన పడలేదు. ఆ చప్పుడు ఎవరిదో తెలియని బావమరిది ఒక ఆదివారం పెద్ద స్పీకర్లు మోసుకుని వచ్చాడు.

"మా బావ ఎక్కడా లేని రైల్వే కట్టాడని, పాము గుడ్లు పెట్టిన ఇంజను చప్పుడు పట్టుకొచ్చాడని ఊరంతా చెప్పేశాను. ఇవాళ అందరూ వినాల్సిందే" అని వైర్లు తగిలించడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడెందుకురా, ఇంకోసారి చూద్దాం" అన్నాడు మేస్త్రి.

"నువ్వు సిగ్గుపడ్డం నేనెప్పుడూ చూళ్ళేదు బావా. అక్కా, మీ ఆయన సిగ్గుపడుతున్నాడు, వచ్చి చూడు."

కింద వాటావాళ్ళు వచ్చారు. లేతు ఆయన నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. భార్య టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చి గుమ్మంలో నిలబడింది. రైలు బయల్దేరింది. కూత వినగానే అందరూ వంటింటివైపు చూసి నవ్వారు. పరుగు మోత వినగానే లేతు ఆయన "ఇది నా మిషనే, నాకు తెలీదనుకున్నావా" అని పొంగిపోయాడు. మేస్త్రి లూపు దగ్గర ఆపకుండా పోనిద్దామని చూశాడు. తాను నాటిన సిగ్నలే ఎర్రగా అడ్డం నిలబడింది.

రైలు ఆగింది. గది నిండా ఇంజను ఊపిరి పరుచుకుంది.

"అబ్బ, ఎంత గురక పెడుతోందో చూడు" అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. మనిషి తన గురక తాను ఎప్పుడూ విని ఉండడు. ఆమె కూడా అందరితో పాటే చిరునవ్వు నవ్వింది. అప్పుడు ఆ ఊపిరి వెనకనుంచి, సన్నగా, టక్కు... టక్కుటక్కు... అని వినిపించింది. ఆమె తలెత్తింది. తెరిచిన తలుపులోంచి పడక గది ఫ్యానును చూసింది. తర్వాత మేస్త్రిని చూసింది.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఎన్నో వందల మోటార్లు విప్పిన చెవి అది. ఆ ఫ్యాను చప్పుడు రికార్డింగులో పడినట్టు అతనికి ముందే తెలుసు. పట్టాల అతుకుల చప్పుడులా బానే ఉందని ఉంచేశాడు. ఆమె పళ్ళెంతో లోపలికి వచ్చింది. ఒక్కొక్కరికీ టీ ఇచ్చింది. మేస్త్రి గ్లాసు కూడా మరిచిపోలేదు.

అందరూ వెళ్ళాక ఆమె గ్లాసులు కడుగుతూ, వెనక్కి తిరగకుండా అడిగింది.

"అది నేనేనా?"

మేస్త్రి కడిగిన గ్లాసు ఒకటి అందుకుని తుడవడం మొదలుపెట్టాడు.

"ఎంతమంది విన్నారు?"

"గుంపులో వాళ్ళు... చాలామంది."

"ఏమన్నారు?"

"అందరూ బావుందన్నారు. ఎవరికీ తెలీదే. ఇంజనే అనుకున్నారు."

"మా మేనమామ కూడా నన్ను మనిషని అనలేదు" అంది ఆమె. కొళాయి కట్టేసింది. "అప్పుడు మీకు నిద్రొస్తుందన్నారు చూడండి, నా చప్పుడుకి. అది నిజమేనా, లేకపోతే ఆ రోజునుంచే ఇంజను కోసం వెతుకుతున్నారా?"

"నిజమే. ఒట్టు."

"మీరు పాము మీద కూడా ఒట్టే వేసుంటారు."

అరిచి ఉంటే బాగుండేదని మేస్త్రికి అనిపించింది. ఆమె అరవలేదు. వంట మానలేదు, మాట మానలేదు. నిద్ర మానేసింది. మధ్యాహ్నం వచ్చి గోడకు ఆనుకుని మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. కొత్త పెళ్ళికూతురుగా కూర్చున్న గోడే అది. తల వాలబోతే ఉలిక్కిపడి లేచేది. కళ్ళ కింద నలుపు దిగింది.

మేస్త్రి మొదట చేసిన పని ఏమిటంటే, నిచ్చెన వేసుకుని ఫ్యాను దింపాడు. బేరింగు మార్చి మళ్ళీ బిగించాడు. ఇప్పుడది చప్పుడు లేకుండా తిరిగింది. గది మరీ నిశ్శబ్దమైపోయింది. ఆమె కాసేపు దానివైపు చూసింది.

"ఎన్నాళ్ళు అడిగానో. ఇప్పుడు చేశారు" అంది. అంతకంటే చెంపమీద కొడితే నయం.

ఒకరోజు లాండ్రీనుంచి చేతికి కట్టుతో వచ్చింది. ఇస్త్రీ ప్రెస్సు దగ్గర నిలబడే కునుకు తీసిందట, మణికట్టు కాలిందట. "దుప్పటి కాలలేదులే" అని చెప్పి గోడ దగ్గర కూర్చుంది. మేస్త్రి ఆ కట్టువైపు చూడలేకపోయాడు. షాపుకు వెళ్ళి ఎవరిదో మోటారు విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పాడు. లేతు ఆయన వచ్చి "ఏం మేస్త్రీ, ఇవాళ కోతలేం లేవా, పంట పోయిందా?" అంటే నవ్వడానికి ముఖం కుదరలేదు.

ఆ రోజే, గుంపులో పెట్టిన లైనులోంచి కూడా ఇంజను గొంతు తీసేశాడు. చివరాఖరు లైనులో రైలు ఇప్పుడు మూగగా ఆగుతోంది. ఆ మర్నాడు గార్డు ఫోను చేశాడు. భార్య గోడ దగ్గరే ఉంది. మేస్త్రి బయటికి వెళ్ళబోయి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"నాయనా, ఇంజను ఊపిరి తీసేశావేం?" అన్నాడు గార్డు. "సరేలే, నేనే వచ్చి చూస్తాను. సంచి సర్దుకున్నాను. మా అమ్మాయి టిక్కెట్టు కొంటానంది. ఆ షెడ్డు ఎక్కడుందో చెప్పు. కళ్ళు పూర్తిగా పోకముందే ఒక్కసారి దాన్ని ముట్టుకుని చూడాలి."

మేస్త్రికి అబద్ధాలు నాలుక చివర వరుసలో నిలబడి ఉన్నాయి. షెడ్డు కూలిపోయింది అనవచ్చు. ఇంజనును తుక్కుకు అమ్మేశారు అనవచ్చు. ముసలాయన నిట్టూర్చి ఊరుకుంటాడు. కానీ అలా అంటే ఆ గురక ఎప్పటికీ ఇంజనుగానే మిగిలిపోతుంది. నిజం చెబితే ఆమెను మళ్ళీ పెళ్ళింట్లో, నవ్వేవాళ్ళ మధ్య పడుకోబెట్టినట్టే.

"ఇంజను లేదండీ" అన్నాడు. "ఎప్పుడూ లేదు. షెడ్డూ లేదు. అది మనిషి గురక."

"గురకా?"

"నా గురక. నేనే పడుకుని రికార్డు చేసుకున్నా."



"నీ గురక విని నేను రోజూ కళ్ళు మూసుకున్నానా" అన్నాడు గార్డు. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఏదో ఒకటి బదులు చెప్పవచ్చు. "పెద్దవాణ్ణి నాయనా. నాతో ఇలా ఆడుకోకుండా ఉండాల్సింది." ఫోను పెట్టేశాడు.

మేస్త్రి అదే మాట గుంపులో కూడా రాశాడు. సాయంత్రానికల్లా అతని పేరు గురక మేస్త్రి అయిపోయింది. కొందరు అతని లైనుకు గురకాఖరు అని పేరు పెట్టారు. బావమరిది ఫోను చేసి ఊపిరాడకుండా నవ్వి, "బావా, నువ్వు బస్సులో పడుకోకు, జనం ప్లాట్‌ఫారం అనుకుని దిగిపోతారు" అన్నాడు. వీధిలో తెలిసింది. లేతు ఆయన మాత్రం ఏమీ అనలేదు. అందుకు మేస్త్రికి ఇంకా సిగ్గేసింది. పొగడ్తలు మోసినంత కాలం నిటారుగా ఉన్న మెడ, ఇప్పుడు షాపునుంచి ఇంటిదాకా పైకి లేవలేదు.

భార్య అంతా విన్నది.

"మళ్ళీ అబద్ధమే చెప్పారు" అంది.

"అవును."

"ఆ ముసలాయన పాపం."

"అవును. ఆయన దగ్గర కూడా నాకు మొహం చెల్లదు."

ఆమె క్షమించానని అనలేదు, అతనూ అడగలేదు. చాలా రోజులు అలాగే గడిచాయి. మణికట్టు మీద కట్టు పోయి, గోధుమరంగు మచ్చ మిగిలింది.

ఒక మధ్యాహ్నం ఆమె షిఫ్టునుంచి వచ్చి, గోడ దగ్గరికి వెళ్ళకుండా మేస్త్రి ముందు చెయ్యి చాపింది. "ఫోను ఇవ్వండి." ఇచ్చాడు. దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. "మీరు బయట కూర్చోండి. తలుపు దగ్గరికి వేయండి."

మేస్త్రి తలుపు వేసి మెట్ల మీద కూర్చున్నాడు. పక్కనే ఉంటే నిద్రొస్తుందని చెప్పినవాణ్ణి గడప బయట కూర్చోబెట్టింది. అదీ న్యాయమే అనుకున్నాడు. లోపల మంచం కిర్రుమంది. తర్వాత ఏమీ లేదు. ఆమె మెలకువతోనే ఉందని, పైకప్పు చూస్తోందని అతనికి తెలుసు. బాగైన ఫ్యాను చప్పుడు చేయకుండా తిరుగుతూ ఉంటుంది. ఎదురు రైలు లేని లూపులో నిలబెట్టిన ఇంజనులా మేస్త్రి కదలకుండా కూర్చున్నాడు.

చాలాసేపటికి తలుపు వెనకనుంచి వినిపించింది. లోపలికి లాగింది. బిగబట్టింది.

వదిలేలోపు మేస్త్రి చెవి పాత అలవాటున అటు వాలింది. వాలిందని తెలియగానే చెంప వేడెక్కింది. లేచి, మెట్లు చప్పుడు కాకుండా దిగి, గేటు దాటి, మలుపు దాకా నడిచాడు. లేతు మిషను గట్టిగా తిరుగుతోంది. దాని పక్కన వెళ్ళి నిలబడితే ఇంకేదీ వినపడలేదు.

లేతు ఆయన అతన్ని చూసి, ఏదో మాట్లాడడానికి వచ్చాడనుకుని స్విచ్చు మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ఆపకు" అన్నాడు మేస్త్రి. "తిరగనీ."